మంచి దారం గోదాట్లో పారేస్తారా?

రాజమండ్రి,
జూన్ 9.

శ్రమజీవి సంపూర్ణమ్మ గారికి, ఎజ్రా ఉద్యమాభివందనాలు.

మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అదే ఇక్కడి నిబంధన. మా ఊళ్ళో కుర్రాళ్ళు కొందరు కలిసి చరిత్ర మీద గేమ్ జామ్ పెట్టారు. అంటే ఒక వారం గడువిచ్చి, ఆ లోపల ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి తయారు చెయ్యమనే పోటీ అండి. ఈసారి అంశం గోదావరి జిల్లాల చరిత్ర. కిందటేడు ఆటల మీద అభిప్రాయాలు ఇంటర్నెట్లో అడిగితే అందరూ "సూపర్ బ్రో" అని రాసి చక్కా పోయారట. అందుకని ఈ ఏడు ఒక్కో ఆటకి, ఆ చరిత్ర నడిచిన ఊరి మనిషిని వెతికి, ఆడి చూసి చేత్తో ఉత్తరం రాయమన్నారు. నా ఆటకి మీరు దొరికారు. మీరు రాస్తే నేను జవాబు రాస్తాను, దాన్ని బట్టి ఆటని మార్చుకోనూ వచ్చు. చివర్లో మీరు ఒకే ఒక్క ప్రశ్నకి సమాధానమివ్వాలి: "ఈ ఆట వల్ల మీలో ఏం మారింది?" ఉత్తరాలన్నీ జడ్జీలకి వెళ్తాయి. ఫైనల్‌కి ఎవరు వెళ్ళేదీ వాటిని బట్టే తేలుస్తారు.

మిగతావాళ్ళంతా రాజుల మీద పడ్డారు. ఒకడైతే కోరుకొండ గుడి మెట్ల మీద గుర్రాన్ని పరిగెత్తించాడు. ఆ మెట్లకి మనుషులే సగంలో కూలబడతారు, గుర్రం ఎక్కుతుందా? రాజుల చరిత్ర రాజులే రాయించుకున్నారు. చరిత్ర చక్రాన్ని తిప్పింది మాత్రం పనిచేసే చేతులు. నేను చదివిన కరపత్రాలన్నిటిలోనూ ఇది స్పష్టంగా ఉంది. అందుకని నేను నరసాపురం లేసు ఆడవాళ్ళ మీద చేశాను. ఆట పేరు "తెగిన దారం".

నూరేళ్ళ కిందట రత్నమాణిక్యం అనే ఆవిడ ఇంట్లో కూచుని లేసు అల్లుతుంటుంది. తెర మీద వేలితో తడుతుంటే ఒక్కో పువ్వూ తయారవుతుంది. ఏజెంటు వచ్చి దారం ఇస్తాడు, పువ్వులు పట్టుకుపోతాడు, మరకలున్నాయని వంక పెట్టి రేటు కోస్తాడు. తెర మూల ఒక ఎర్ర బటన్ ఉంటుంది. దాని మీద "దారం గోదాట్లో పారెయ్" అని రాసి ఉంటుంది. అది నొక్కితే తిరుగుబాటు మొదలవుతుంది. అసలు ఆట అదే.

నా సంగతి కూడా చెప్పాలి. ఈసారి ఫైనల్‌కి వెళ్ళకపోతే లాప్‌టాప్ అమ్మేసి మావయ్య జిరాక్స్ షాపులో కూర్చోవాలని మా అమ్మ తీర్మానించింది. నేనూ ఒప్పుకున్నాను. ఒక్క మనిషినైనా కదిలించలేని ఆటలు చెయ్యడం కన్నా, ఆధార్ కార్డులకి రెండువైపులా జిరాక్స్ తియ్యడమే నయం.

పోరాట శుభాకాంక్షలతో,
ఎజ్రా

తా.క. ఎర్ర బటన్ నొక్కడానికి సంకోచించకండి. మీ వెనక చరిత్ర ఉంది.


నరసాపురం,
జూన్ 14.

ప్రభువునందు ప్రియమైన ఎజ్రా బాబుకి, మా చర్చి స్త్రీల సమాజం కోశాధికారి సంపూర్ణమ్మ వందనాలు చెప్పి రాయునది.

ఇక్కడ దేవుని కృప వల్ల అందరం క్షేమం. మీ అమ్మగారూ క్షేమమని తలుస్తాను. నా చేతిరాత బాగుంటుందని మా పాస్టరుగారు నా పేరు మీవాళ్ళకి ఇచ్చారంట. ఆటని మా కోడలు ప్రిస్కిల్లా తన ఫోన్లో ఎక్కించింది. అది బడిలో టీచరు. సాయంత్రం అది ఇల్లు చేరేదాకా, మా అరుగు మీద లేసు అల్లుకునేవాళ్ళం అందరం వీధి వంకే చూస్తూ కూచుంటున్నాం.

ఎంత చక్కటి ఆట చేశావు బాబూ. మెడ లాగదు, కళ్ళు మండవు, చేతి చెమటకి దారం నల్లబడదు. అన్నిటికన్నా గొప్ప సంగతి, నీ ఆటలో దారం అయిపోదు. మా పక్కింటి రామలక్ష్మి వాళ్ళది వేటకెళ్ళే ఇల్లు. పొద్దున చేపల బేరం ముగించుకుని మధ్యాహ్నం మాతో కలిసి అల్లుతుంది. నిన్న అది ఒక్క ఊపున నలభై పువ్వులు అల్లి, ఇంకొక్కటి ఇంకొక్కటి అంటూ ఫోన్ ఎవరికీ ఇవ్వలేదు. చివరికి ప్రార్థన టైమయిందని చెప్పి లాక్కోవాల్సి వచ్చింది.

ఆడి చూసి రాయమన్నావు గనక లోపాలూ చెబుతున్నాను. ఆ ఏజెంటు పాపం వచ్చినప్పట్నించీ ఎండలో నిలబడే ఉంటాడు. కూర్చోమనడానికి బటన్ లేదు. మంచినీళ్ళివ్వడానికీ లేదు. మా ఏజెంటు బుల్లియ్య గారు వస్తే కుర్చీ వేస్తాం. ఆయనా రేటు కోస్తాడు, కాదనను. కోసేది కుర్చీలో కూచునే కోస్తాడు.

ఇంకోటి ఆ ఎర్ర బటన్. అది నొక్కితే దారమంతా గోదాట్లో పడిపోతుందని ప్రిస్కిల్లా చదివి చెప్పింది. తెలీక ఎవరి వేలయినా తగులుతుందేమోనని దాని మీద చిన్న కాగితం ముక్క అంటించాం. మంచి దారం ఎవరైనా గోదాట్లో పారేస్తారా బాబూ?

మీ క్షేమం కోరే,
సంపూర్ణమ్మ

తా.క. "మీలో ఏం మారింది" అన్న దానికి: చూపు కొంచెం మెరుగైనట్టుంది. ఇంకో వారం చూసి ఖాయంగా రాస్తాను.


రాజమండ్రి,
జూన్ 17.

సంపూర్ణమ్మ గారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి, గోదావరి గట్టు మీద ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి, చల్లబడ్డాక రాస్తున్నాను. పూర్తిగా చల్లబడలేదు.

ఆ అల్లిక మీకు నచ్చకూడదండి. విసుగు పుట్టాలని కావాలనే అలా చేశాను. తట్టిందే తట్టి వేలు నొప్పెట్టి, ఛీ ఇదేం బతుకు అనిపించి, మనిషి ఎర్ర బటన్ నొక్కాలి. నా స్నేహితులందరూ పది పువ్వులకే ఫోన్ పక్కన పడేశారు. మీరేమో వంతులు వేసుకుని ఆడుతున్నారు. ఇక ఆ కాగితం ముక్క. నా ఆటంతా ఉన్నది ఆ బటన్ కోసం. మీరు చేసింది ఎలా ఉందంటే, పెళ్ళికొడుకుని గదిలో పెట్టి గొళ్ళెం వేసి పెళ్ళి భోజనాలు వడ్డించినట్టుంది.

దోపిడీదారుకి కుర్చీ వెయ్యడానికా నేను నిద్ర మానుకుని కోడ్ రాసింది? ఈ సంగతి మా కుర్రాళ్ళకి చెబితే, మజ్జిగ బటన్ కూడా పెట్టరా, ఎండాకాలం కదా అని వెక్కిరించారు.

కొత్త వెర్షన్ పంపుతున్నాను. ఇందులో ఏజెంటు ప్రతి పువ్వుకీ వంక పెడతాడు. ఓరగా నవ్వుతాడు. మీసం కూడా పెంచాను. దీనికీ మీకు ఒళ్ళు మండకపోతే నన్నడగండి.

ఇట్లు,
ఎజ్రా

తా.క. కుర్చీ పెట్టలేదు. పెట్టను.


నరసాపురం,
జూన్ 22.

ప్రియమైన ఎజ్రా బాబుకి సంపూర్ణమ్మ వందనాలు.

మీసం బాగా కుదిరింది. మా చిన్నప్పటి మునసబు గుర్తొచ్చాడు.

ప్రతి పువ్వుకీ వంక పెడతాడా అని అరుగు మీద అందరికీ పంతం వచ్చింది. రెండు రోజులు తిప్పలు పడ్డాం. చివరికి రామలక్ష్మి కనిపెట్టింది: గబగబా తట్టకుండా, మేం పాడుకునే కీర్తన తాళానికి సరిగ్గా తడితే పువ్వు మీద మరక పడదు. దానికి కీర్తన రాదు గనక ముందు అది నేర్పించాం. ఇప్పుడు అందరం పాడుతుంటాం, ఒకరు తడుతుంటారు. అలా ఒక్క మరకా లేకుండా సంచీ నిండా అల్లి నీ ఏజెంటు ముందు పెట్టాం బాబూ. వాడు చూశాడు. మళ్ళీ చూశాడు. నవ్వు మాయమైంది. నోట మాట లేదు. కదలడు, మెదలడు. ప్రిస్కిల్లా ఫోన్ ఆపి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.

మేం గెలిచాం. ఆనందంగా కాఫీ పెట్టుకుని తాగాం.

సంపూర్ణమ్మ

తా.క. వాడికి కుర్చీ ఉంటే అంత అవస్థ వచ్చేది కాదు.


రాజమండ్రి,
జూన్ 25.

సంపూర్ణమ్మ గారికి,

మీరు గెలవలేదు. ప్రోగ్రాం ఆగిపోయింది. ఏజెంటు వంక పెట్టలేని పువ్వు ఎవరూ అల్లలేరనుకుని, అల్లితే వాడేం చెయ్యాలో నేను రాయనే లేదు.

నూరేళ్ళ దోపిడీని కళ్ళకి కట్టినట్టు చూపిస్తే, దోచుకునేవాణ్ణి మెప్పించడానికి పోటీ పడ్డారు. పాటలు పాడుతూ మరీ పోటీ పడ్డారు. తప్పు నా ఆటది కాదని ఇప్పుడు అర్థమైంది. మీకు బానిసత్వం అలవాటైపోయింది. సంకెళ్ళు ఇస్తే వాటికి కూడా చుట్టూ పువ్వులు అల్లుతారు.

ఎజ్రా

తా.క. ఇది చదివి జడ్జీలు నాకు మార్కులు తగ్గించినా సరే. నిజం నిజమే.


నరసాపురం,
జూన్ 29.

ఎజ్రా గారికి,

మీ ఉత్తరాన్ని ప్రిస్కిల్లా చేత అరుగు మీద అందరికీ వినపడేలా చదివించుకున్నాం. సంకెళ్ళ మాట మళ్ళీ ఒకసారి చదివించుకున్నాం. తర్వాత రామలక్ష్మి, "ఆ కుర్రోడికి పెళ్ళయ్యిందా?" అనడిగింది. లేదనుకుంటానన్నాను. "అవదు" అంది.

మొహమాటం కొద్దీ ఇన్నాళ్ళూ చెప్పని మాట ఒకటుంది. మీ ఆటలో రత్నమాణిక్యం గదిలో ఒక్కతే కూచుని అల్లుతుంటుంది. చూసినప్పుడల్లా నాకు దిగులుగా ఉండేది. లేసు ఎవరూ ఒంటరిగా అల్లరండి. నేను పెళ్ళయి ఈ ఇంటికొచ్చిన కొత్తలో, వీధి అరుగు మీద ఊరికే కూచుంటే మా అత్తగారు లోపలికి పిలిచేది. చేతిలో సూదీ దారం ఉంటే పొద్దు వాలేదాకా కూచున్నా ఏమనేది కాదు. ఎవరి మొగుడు కొట్టాడో, ఎవరి కడుపు పోయిందో, ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో అన్నీ అక్కడే చెప్పుకున్నాం. చేతులు అల్లుతుంటేనే నోళ్ళు తెరుచుకునేవి. ఏజెంటు మమ్మల్ని దోచుకోలేదని నేననను. కానీ ఆ దారం పారేస్తే మేం అరుగు మీద కూచునేది దేనికని?

అది అడక్కుండా మా మీద ఆట కట్టి, మమ్మల్ని బానిసలన్నారు. మీ ప్రశ్నకి సమాధానం నేను రాయను. ఇంకో మంచి చేతిరాత చూసుకోండి.

సంపూర్ణమ్మ

తా.క. ఆట ఫోన్లోంచి తీసేద్దామన్నాను. రామలక్ష్మి ఒప్పుకోలేదు. కోపం మనిషి మీద గాని ఆట మీద కాదంట.


రాజమండ్రి,
జులై 4.

అమ్మగారికి,

మీ ఉత్తరం మా అమ్మకి చదివి వినిపించాను. "ఇంతకీ ఆవిణ్ణి నువ్వేమన్నావో అది చదువు" అంది. చదివాను. ఆ పూట నాకు అన్నం పెట్టలేదు.

కరపత్రాల్లో అరుగు గురించి ఎక్కడా లేదండి. యంత్రాల గురించి ఉంది, గనుల గురించి ఉంది. ఉన్నవన్నీ మళ్ళీ తిరగేశాను. అరుగు లేదు. మిమ్మల్ని ఆ మాట అన్నందుకు క్షమించండి. కోపం వస్తే నా నోరు ముందు వెళ్ళిపోతుంది, నేను దాని వెనక పరిగెత్తాలి.

ఆట మార్చాను. రత్నమాణిక్యాన్ని గదిలోంచి తెచ్చి అరుగు మీద కూచోబెట్టాను. పక్కన ఇంకో ముగ్గురు. అల్లుతూ మాట్లాడుకుంటారు. ఆడవాళ్ళు ఏం మాట్లాడుకుంటారో నాకు తెలీదు గనక, మా అమ్మనీ ఆవిడ స్నేహితుల్నీ కూచోబెట్టి విన్నాను. విన్నవాటిలో రాయదగ్గవి రాశాను. ఆ ముగ్గురిలో నూకాలు అనే ఆవిడ మొగుడు కూలికని రంగం వెళ్ళాడు. తెలుగువాళ్ళు ఓడలెక్కి రంగూన్ పోయిన రోజులు కదండి. ఏళ్ళయినా కబురు లేదు. ఒకరోజు ఉత్తరం వస్తుంది. అందులో ఏముందన్నది కాస్త కాస్తగా తెలుస్తుంది. ఇన్ని పువ్వులు అల్లితే ఒక ముక్క. ఇలా చేస్తే కథ సాగుతుందని పెట్టాను.

సమాధానం రాస్తారో లేదో మీ ఇష్టం. మావయ్య షాపులో నాకోసం స్టూలు కొన్నాడట.

మీ,
ఎజ్రా

తా.క. కుర్చీ పెట్టాను. మంచినీళ్ళు పెట్టలేదు. అంతకుమించి దిగలేను.


నరసాపురం,
జులై 10.

ప్రియమైన ఎజ్రా బాబుకి,

తీరిక లేక నాలుగు ముక్కలే రాస్తున్నాను. క్షమించానులే. రామలక్ష్మి నీకు సంబంధం కూడా చూస్తానంటోంది.

ఆ నూకాలు ఉత్తరం మా ప్రాణాలు తీస్తోంది. మొగుడు బతికున్నాడా? అక్కడ ఇంకోదాన్ని చేసుకున్నాడా? ఒక్క ఫోన్ చాలక అందరూ తలో ఫోన్లో ఎక్కించుకున్నారు. పొద్దున కూచుంటే పొయ్యి వెలిగించేదాకా లేవడం లేదు. అసలు లేసు ముట్టి వారం దాటింది.

నిన్న బుల్లియ్య గారు సరుకు కోసం వచ్చారు. చూస్తే ఒక్క పువ్వూ లేదు. విదేశానికి వెళ్ళే ఓడ తప్పిపోతుందని కేకలేశారు. అల్లకపోతే దారం వెనక్కి ఇచ్చెయ్యండి, వేరే ఊరికి ఇచ్చుకుంటానన్నారు. సరిగ్గా అప్పుడే నూకాలు ఉత్తరం మడత విప్పుతోంది. మాకు వాదించే ఓపిక ఎక్కడిది? ఉండలన్నీ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టేశాం. ఆయన తెల్లబోయి వెళ్ళిపోయారు.

సంపూర్ణమ్మ

తా.క. వాడు తిరిగొస్తాడా? నీకు మాత్రం తెలిసే ఉంటుంది కదా.


రాజమండ్రి,
జులై 13.

కామ్రేడ్ సంపూర్ణమ్మ గారికి అరుణారుణ వందనాలు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. దారం తిరిగి ఇచ్చేశారు. దోపిడీదారు ఒళ్ళో పెట్టేశారు. గోదాట్లో పారెయ్యడం నా ఊహ. మీరు చేసింది దానికన్నా గొప్పది. నేను బానిసలన్న మనుషులు చరిత్ర చక్రాన్ని ఒక్క తోపు తోశారు.

ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యకండి. అతను బెదిరిస్తాడు, మంచిగా మాట్లాడతాడు, కొందర్ని విడదియ్యాలని చూస్తాడు. లొంగకండి. డిమాండ్ల పత్రం రాసి పెట్టాను. బ్యానరు కుట్టిస్తున్నాను. డప్పు వాయించే కుర్రాళ్ళని మాట్లాడాను. మీరు ఊ అంటే మొదటి రైలుకి దిగిపోతాం.

ఒక్కటే మనవి. జడ్జీలకి గడువు దగ్గరపడింది. "ఈ ఆట వల్ల మీలో ఏం మారింది?" ఇప్పుడు రాయండి. మీ గుండెలో రగిలినదాన్ని రాయండి.

పోరాటంలో మీ తమ్ముడు,
ఎజ్రా

తా.క. నూకాలు మొగుడి సంగతి అడిగారు. ఉద్యమం మధ్యలో అదెందుకండి. తిరిగొస్తాడు.


నరసాపురం,
జులై 17.

ఎజ్రా బాబుకి సంపూర్ణమ్మ రాయునది.

కథ ఆఖరు ముందే చెప్పేస్తారా ఎవరైనా? ప్రిస్కిల్లా నీ తాజా కలం చదవగానే అరుగంతా గొల్లుమంది. రామలక్ష్మి నీ సంబంధం వెనక్కి తీసుకుంది. తిరిగొస్తాడని తెలిశాక ఇంకేం ఆడతాం? ఫోన్లు మూసి అందరం మళ్ళీ లేసు పట్టుకున్నాం. నీ ఉత్తరం ఒక్కరోజు ముందొచ్చి ఉంటే మా కొంప మునిగేది. బుల్లియ్య గారు వచ్చి వెళ్ళాక వచ్చింది గనక బతికిపోయాం.

అదెలా జరిగిందో చెబుతాను. వేరే ఊళ్ళో ఆయన దారం ఎవరూ తీసుకోలేదంట. వాళ్ళ చేతుల్లో వేరే ఏజెంట్ల పని ఉంది. దాంతో ఆయన మొన్న స్కూటరు మీద దారం సంచీలేసుకుని తిరిగొచ్చారు. మేం కుర్చీ వేశాం. కానీ మా తలలు ఫోన్లలో ఉన్నాయి. నూకాలు ఉత్తరంలో ఇంక రెండు ముక్కలే మిగిలాయి. పాత రేటుకే అల్లిపెట్టమని అడిగారంట. మేం తల ఎత్తలేదు. ఆయన కాస్త పెంచారు. ఎవరం పలకలేదు. ఇంకాస్త పెంచారు. రామలక్ష్మి ఫోన్లోంచి చూపు తిప్పకుండా, "ఉండండి" అంది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఇక మీదట మరకల వంక పెట్టనని కూడా ఒప్పుకున్నారు. అప్పటికి ముక్క పూర్తయి నేను తలెత్తి, "ఏంటండీ అంటున్నారు?" అనడిగాను. ఆయన దణ్ణం పెట్టి, ఇంతకన్నా తన వల్ల కాదన్నారు.

డప్పుల వాళ్ళని వద్దనెయ్యి. ఇక్కడ ఉద్యమం ఏం లేదు. నీ ఎర్ర బటన్ మీద కాగితం ముక్క ఇంకా అలాగే ఉంది.

ఇక నీ ప్రశ్న. అబద్ధం రాయలేను బాబూ. జడ్జీలకి వేరే కాగితం మీద నా చేతిరాతతో ఇలా రాసి సంతకం పెట్టి పంపాను: "ఈ ఆట వల్ల మాలో ఏమీ మారలేదు. మా ఏజెంటు గారి రేటు మారింది."

మీ క్షేమం కోరే,
సంపూర్ణమ్మ

తా.క. ఇదంతా ఏ ఆట వల్ల జరిగిందో బుల్లియ్య గారికి తెలిసిపోయింది. కోప్పడతారనుకున్నాం. కుర్చీలోంచి లేచి నీ అడ్రసు అడిగారు. మొగల్తూరు వైపు ఊళ్ళలో మిగతా ఏజెంట్ల కింద అల్లేవాళ్ళున్నారు, వాళ్ళ ఫోన్లన్నిటిలోనూ ఈ ఆట ఎక్కించి పెడతావా అని బతిమాలుతున్నారు. తనొక్కడే రేటు పెంచితే మునిగిపోతాడంట. అందరిచేతా పెంచిస్తే తనకేం బాధ లేదంట.


రాజమండ్రి,
జులై 26.

సంపూర్ణమ్మ గారికి వందనాలు.

ఫైనల్‌కి ఎంపికయ్యాను. మా అమ్మ ఆ స్టూలు వెనక్కి ఇచ్చెయ్యమని మావయ్యకి ఫోన్ చేసింది. మీ రెండు వాక్యాలు చదివి జడ్జీలు లేచి నిలబడ్డారట. అంతవరకూ సంతోషం. కానీ నా ఆటని ఏ విభాగంలో పెట్టారో తెలుసా అండి? హాస్యం. నూరేళ్ళ కన్నీటి చరిత్రని తెచ్చి హాస్యంలో పెట్టారు. ఖండిస్తూ నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. అది చదివి కూడా నవ్వారట.

బుల్లియ్య గారి కోరిక గురించి నా నిర్ణయం ఇది. ఒక ఏజెంటు చేతి మీదుగా నా ఆట ఒక్క ఫోన్లోకి కూడా వెళ్ళదు. అతనికి శ్రమజీవుల మేలు అక్కర్లేదు, పక్క ఏజెంటు మునగాలి. అలాంటివాడితో చేతులు కలిపితే చరిత్ర నన్ను క్షమించదు. ఈ మాట అతనితో కచ్చితంగా చెప్పండి.

మీ,
ఎజ్రా

తా.క. ఆదివారం ఆరాధన అయ్యాక నరసాపురం వస్తున్నాను. నూకాలు కథ కొత్తగా రాశాను, ఈసారి ఆఖరు మా అమ్మకి కూడా చెప్పలేదు. మొగల్తూరు వైపు ఊళ్ళన్నీ తిరగడానికి బస్సులు సరిగా లేవంటున్నారు. బుల్లియ్య గారి స్కూటరు వెనక సీటు ఖాళీగా ఉంటుందేమో కనుక్కోగలరా? ఉంటే ఆయనకి ముందుగానే చెప్పండి, దారి పొడుగునా ఆయన్ని విమర్శిస్తూనే ఉంటాను.